ఆచార్యులవారి లక్క మూత

రాజ్యం ఏలి ఏలి విసుగెత్తిన కీర్తిసేన మహారాజుకి ఒకనాడు సొంతంగా అత్తరు చేయాలని బుద్ధి పుట్టింది. పుట్టడమే తడవు, అంతఃపురం వెనక రెండు గదులు ఖాళీ చేయించాడు. పొయ్యిలొచ్చాయి, జాడీలొచ్చాయి, వాటి వెంట రసవాది త్రిలోచనాచార్యులూ వచ్చాడు.

ఆచార్యులకి తెలియని విద్య లేదు. కావాలంటే అడిగి చూడండి, ఆయనే చెబుతాడు. అన్నిటిలోకీ ఆయన గర్వమంతా జాడీ మూతల మీదే. లక్క కరిగించి మూత చుట్టూ పోసి, దాని మీద తన పేరున్న ముద్ర గుద్ది, "ఇక గాలి కూడా బయటికి రాదు ప్రభూ!" అనేవాడు.

గాలి సంగతేమో గాని, ఒకనాడు మూత తీసి చూస్తే అత్తరు కోసం జాడీలో దాచిన పచ్చకర్పూరం సగానికి సగం మాయమైంది. తీసేదాకా వేసిన ముద్ర వేసినట్టే ఉంది.

లక్కకి ఎక్కడో సన్నటి బీట పడిందనీ, కర్పూరం అందులోంచి ఆవిరైపోయిందనీ ఆచార్యులకి తెలియకపోలేదు. కానీ ఒప్పుకుంటే పరువేం కాను? చుట్టూ చూశాడు. గదులు ఊడ్చే నాంచారి కంటబడింది.

"ఇదిగో దొంగ!" అన్నాడు.

"అమ్మతోడు ప్రభూ, నాకేం తెలీదు! పిల్లలు గలదాన్ని" అంటూ నాంచారి భోరుమంది.

మహారాజు కొలువు తీర్చాడు. "ముద్ర చెడకుండా కర్పూరం ఎలా పోయిందో ఎవరైనా చెప్పగలరా? చెప్పలేకపోతే ఈమెని పొలిమేర దాటించక తప్పదు."

విదూషకుడు పోలన లేచాడు. మామూలుగా అతను లేస్తేనే ఆచార్యులకి ఒళ్ళు మండుతుంది. ఇవాళ మాత్రం పోలన చంకలో ఒక జాడీ పెట్టుకుని, మహా వినయంగా వచ్చాడు.

"ఆచార్యులవారి మూతకి వంక పెడితే కళ్ళు పోతాయి ప్రభూ. ఈ జాడీకీ వారి చేత్తోనే మూత వేయిస్తే కొలువంతా చూసి తరిస్తుంది."

ఆచార్యులు పొంగిపోయాడు. అక్కడికక్కడే లక్క కరిగించి పోసి, ముద్ర గుద్దాడు. సభ "భళా" అంది.

"గాలి కూడా రాదు కదండీ?" అన్నాడు పోలన.

"రాదయ్యా! ఎన్నిసార్లు చెప్పాలి?"

"అయితే నాంచారికి శిక్ష పడేదాకా కాస్త ఒళ్ళో పెట్టుకుని కూర్చోండి."

ఆచార్యులు దర్జాగా కూర్చున్నాడు. "ఇంతకీ ఇందులో ఏముంది?"

"ఏముంటే ఏం లెండి, బయటికి రాదుగా! ఏదో మందు. దాని ఆవిరి తగిలితే మీసాలు కట్టగట్టుకుని రాలిపోతాయట."

ఆచార్యులు నవ్వబోయాడు. నవ్వు సగంలోనే ఆగిపోయింది. ముక్కు దురద పెట్టింది. ఏదో పుల్లటి వాసన. పై పెదవి చిమచిమలాడింది. భయంభయంగా మీసం లాగి చూసుకున్నాడు. రెండు వెంట్రుకలు చేతికొచ్చాయి.

"బాబోయ్!" అంటూ జాడీని పోలన చేతుల్లో పడేసి, ఉత్తరీయం ముక్కుకి చుట్టుకుని గుమ్మం దాకా ఒకటే పరుగు. "దాన్ని తీసెయ్యండి! ఆవిరి వచ్చేస్తోంది!"

"ఎక్కణ్ణించండీ?" పోలన అమాయకంగా అడిగాడు.

"మూతలోంచి! లక్క ఆరితే బీటలిస్తుందయ్యా, ఎప్పుడూ ఇంతే!"

తనేమన్నాడో ఆచార్యులకి అప్పుడు తెలిసొచ్చింది.

"ఓహో, కర్పూరమూ ఆ దారినే పోయిందన్నమాట" అన్నాడు మహారాజు. "సరే పోలనా, ముందు ఆ పాడు మందు అవతల పారేయించు."

పోలన లక్క పెళ్ళగించాడు. జాడీ ఎత్తి గటగటా తాగేసి, మూతి తుడుచుకున్నాడు.

"చల్ల, ప్రభూ. ఉప్పే కాస్త తక్కువైంది."

మహారాజు సింహాసనం మీద విరగబడి నవ్వాడు. కొలువంతా ఘొల్లుమంది. నవ్వుతూనే తన మెడలో హారం తీసి పోలన మెడలో వేశాడు, అత్తరు గదుల తాళాలు నాంచారి చేతికిచ్చాడు. ఆచార్యులవారు మాత్రం గుమ్మంలోనే నిలబడి, మీసం రెండు చేతులతో కప్పుకునే ఉన్నారు.