నిండు బండి

సుంకులమ్మ వ్యాను మళ్లీ వచ్చి షెడ్డు ముందు ఆగింది. దాన్ని చూడగానే ఓబులేసు చేతిలోని స్పానరు కింద పెట్టేసినాడు. ముఖం ముడుచుకున్నాడు.

ప్రొద్దుటూరులో మైదుకూరు రోడ్డు మీద ఉండే ఆ షెడ్డు పీరా ఉస్తాదుది. బండ్లకు కంపెనీ పెట్టకుండా వదిలేసిన సామాన్లు అక్కడ బిగిస్తారు. వాటిని బయటి సామాను అంటారు. వెనక్కి తీసేటప్పుడు ఏదైనా అడ్డముంటే కూసే సెన్సర్లు, కెమెరాలు, తలుపు సరిగా పడకుంటే వెలిగే దీపాలు, ఇట్లాంటివన్నీ. ఉస్తాదుకు చూపు మందగించినప్పటి నుంచి పనంతా ఓబులేసే చేస్తాడు. మంచి పనివాడు. అతను లాగిన వైరును ఎలుక కూడా కొరకదని బజారంతా చెప్పుకుంటారు. ఆ మాట అతని చెవిన కూడా పడింది. చెవిన పడి ఊరుకోలేదు, కొంచెం తలకెక్కింది.

సుంకులమ్మ బడిపిల్లల వ్యాను నడుపుతుంది. మొగునికి నడుము పడిపోయినాక ఆమే స్టీరింగు పట్టింది. ఒకనాడు బడి గేటు కాడ బండి వెనక్కి తీస్తా ఉంటే, వెనక చక్రం పక్కన ఒక పసిపిల్ల వంగి చెప్పు సరిచేసుకుంటా ఉండింది. శనక్కాయలమ్మే ముసలామె కేక పెట్టబట్టి సరిపోయింది. పిల్లకు గోరు కూడా నొవ్వలేదు. సుంకులమ్మకే, ఆ పొద్దు నుంచి రివర్సు గేరు వేస్తే చేతులు వణుకుతాయి. అందుకే సెన్సర్లు పెట్టించుకుంది.

పెట్టించుకున్నాక ఇంకో తంటా. బడి కాడ బండి వెనక పిట్ట లేకున్నా సెన్సర్ల బజరు కూస్తుంది. నిజంగా పిల్ల ఉండి కూస్తా ఉందో, ఊరికే కూస్తా ఉందో ఆమెకు తెలిసే దారి లేదు.

ఓబులేసు సెన్సర్లు మార్చినాడు. బజరు పెట్టె మార్చినాడు. వైర్లు కొత్తగా లాగినాడు. షెడ్డులో అంతా సక్రమంగా ఉంటుంది. బడికి పోతే మళ్లీ అదే కూత.

ఈసారి సుంకులమ్మ బండి దిగి, కొంగు వేలికి చుట్టుకుంటా, ఇదే కడసారి అని చెప్పింది. ఇప్పుడు కూడా బాగు కాకుంటే వ్యానును మరిదికి అప్పగించి అమ్మేయమంటుందట. పత్తి చేన్లో కూలికి పోయేది తనకు కొత్తేమీ కాదట. బిడ్డల మీదికి బండి పోనిచ్చేదాని కంటే అదే నయమట.

ఓబులేసు రివర్సు గేరు వేసి కిందికి దిగినాడు. వెనక స్టూలు పెట్టినాడు, తీసినాడు. తనే పోయి నిలబడినాడు, పక్కకు జరిగినాడు. చెప్పిన మాట వినే బిడ్డ మాదిరి బజరు కూసింది, ఊరుకుంది.

"చూసినావా అక్కా? బండిలో ఏం లేదు," అన్నాడు. "కూసేది నీ లోపలుండే భయం. దానికి నా కాడ సామాను లేదు."

పక్క షెడ్డులో సీట్లు కుట్టే మద్దిలేటి కిసుక్కుమన్నాడు. సుంకులమ్మ తల వంచుకొని తాళాల కోసం చెయ్యి చాపింది.

బల్ల మీద కూచుని టీ తాగుతా ఉన్న ఉస్తాదు గ్లాసు పక్కన పెట్టి లేచినాడు. చెప్పులేసుకొని రోడ్డు మీదికి పోయినాడు.

మొదట మద్దిలేటినే పిలుచుకొచ్చినాడు. తర్వాత రంగులేసే ఆయన్ని, పంచర్లేసే ఆయన్ని, టీ కొట్టాయన్ని, టీకని ఆగిన లారీ వాళ్లను. ఒక్కొక్కరి భుజం మీద చెయ్యేసి వ్యానులోకి ఎక్కించినాడు. లోపల మోకాలు మోకాలు తగులుకున్నాయి. టీ కొట్టాయన పొట్ట లోపలికి లాక్కుంటే గానీ తలుపు పడలేదు.

"యా వూరికి ఉస్తాదూ, పెండ్లికా?" అని మద్దిలేటి అడిగినాడు.

"బడికి," అన్నాడు ఉస్తాదు.

మద్దిలేటి ఆ పని చిన్నప్పుడే చేసుండాల్సిందని వెనక సీట్లోంచి ఎవరో అన్నారు. బండంతా నవ్వింది.

ఉస్తాదు సుంకులమ్మను స్టీరింగు ముందు కూచోమన్నాడు. ఓబులేసును వెనకపక్క, సెన్సర్లకు అందనంత ఎడంగా నిలబెట్టినాడు. బండి వెనకంతా ఖాళీ నేల. కోడి కూడా లేదు.

"గేరు వెయ్యమ్మా."

ఆమె గేరు వేసింది. బజరు గుక్కపట్టి కూసింది.

నవ్వులు ఆగిపోయినాయి. ఓబులేసు మోకాళ్ల మీద కూలబడి చూసినాడు. పాతబడిన స్ప్రింగు పట్టీల మీద బండి వెనకభాగం జానెడు కుంగింది. బంపరు కింది అంచున తను ముచ్చటగా, వరసగా బిగించిన సెన్సర్లన్నీ నేల చూపులు చూస్తా ఉన్నాయి. ఎదురుగా కనపడే మట్టిని చూసే కూస్తా ఉన్నాయి.

ఇన్నాళ్లూ తన ముందుకొచ్చింది ఖాళీ బండి. తను సరిచూసి పంపింది కూడా ఖాళీ బండినే. పిల్లలెక్కిన బండిని ఒక్కనాడూ చూడలేదు.

తలెత్తితే పక్క అద్దంలో సుంకులమ్మ కనపడింది. నేను చెప్పలేదా అనే చూపు కోసం వెతికినాడు. అది ఆమె ముఖంలో లేదు.

"ఎవరూ దిగొద్దండప్పా," అన్నాడు.

బంపరు పైపక్క కొత్తగా రంధ్రాలు వేసి సెన్సర్లను అక్కడికి ఎక్కించినాడు. లోపల వాళ్లు చెమటలు కక్కుతా తిట్టినారు. ఉస్తాదు కిటికీల్లోంచి టీ గ్లాసులు అందించినాడు. అంతమంది కూచుని ఉండంగానే మళ్లీ స్టూలు పెట్టి, తీసి చూసినాడు. స్టూలు పెడితే కూసింది. తీస్తే నోరు మూసుకుంది.

అయిపోయిందా తమ్ముడూ అని సుంకులమ్మ అడిగింది.

"కాలేదక్కా," అన్నాడు ఓబులేసు. "రేప్పొద్దున నేనూ వస్తా."

తెల్లారి వెనక సీట్లో పిల్లల నడుమ ఇరుక్కుని కూచున్నాడు. ఒడిలో ఎవరిదో పుస్తకాల సంచి, పాదం మీద ఎవరిదో బూటు. ఏ క్లాసని పక్కనున్న పిల్ల అడిగింది. ఒకటో క్లాసన్నాడు. ఫెయిలైనావా అనడిగింది. అవునన్నాడు.

బడి గేటు కాడ, పిల్లలు దిగకముందే, సుంకులమ్మ రివర్సు గేరు వేసింది. బజరు పలకలేదు. ఆమె కాసేపు చెవి పెట్టి విన్నది. మరిదితో అమ్మొద్దని చెప్పాలని తనలో తను అనుకున్నట్టు అనింది. ఆ తర్వాత చేతిబ్రేకు లాగి, కిందికి దిగి, బండి వెనక్కి నడిచి, చక్రాల పక్కన వంగి చూసింది. మళ్లీ ఎక్కి, మెల్లగా వెనక్కి తీసింది.

ఓబులేసు షెడ్డుకొచ్చి జరిగిందంతా ఉస్తాదుకు చెప్పినాడు. బజరు కూయకున్నా ఆ యక్క దిగి చూసుకొనే తీసింది, ఇంక అంత భయం ఎందుకని చెప్పబోయినానన్నాడు.

"చెప్పినావా?"

"లేదు. నోరు రాలేదు."

ఉస్తాదు టీ ఊదుకొని ఒక గుక్క తాగినాడు.

"మంచిది," అన్నాడు. "మనం బిగించింది బయటి సామాను రా. ఆ భయం కంపెనీ సామాను."