ముప్పై నాలుగు కిలోల బెల్లం

యజ్ఞనారాయణ మాస్టారి దగ్గర కంప్యూటర్ల మరమ్మతు నేర్చుకునే పైడిరాజుకు కాలు ఒకచోట నిలవదు, నోరు అంతకన్నా నిలవదు. "లోపలి రాతంతా అందరికీ తెరిచిపెట్టిన ఆపరేటింగ్ సిస్టమ్ గొప్పదా, కంపెనీవాళ్లు మూసిపెట్టి అమ్మేది గొప్పదా, చెప్పండి మాస్టారూ" అని రోజూ ప్రాణం తీసేవాడు. తెరిచినదే గొప్పదని ఐదేళ్లుగా ఊరంతా చాటుతున్నవాడికి కావలసింది జవాబు కాదు, చప్పట్లు. మాస్టారు ఒకరోజు వాణ్ణి అంధ బాలికల బడికి వెంటబెట్టుకు వెళ్లారు.

అక్కడ అందరూ కంగారులో ఉన్నారు. పదింటికి లెక్కల పరీక్ష. కంపెనీ సిస్టమ్ పొద్దున్నే తనంతట తాను అప్‌డేట్ అయి, బ్రెయిలీ ప్రింటర్‌ను గుర్తుపట్టనంటోంది. ఫోన్ చేస్తే మూడు రోజులు ఆగమన్నారు. పదో తరగతి హైమకు అంత వ్యవధి లేదు. ఈసారీ తప్పితే లెక్కలు మాన్పించేస్తామని బడివారు చెప్పేశారు.

పైడిరాజు తన పెన్‌డ్రైవ్‌లోంచి తెరిచిన సిస్టమ్ ఎక్కించాడు. ప్రింటర్ కదిలింది. సరిచూడడానికి పోయిన పరీక్షలోని ప్రశ్న ఒకటి ముద్రించి హైమకిచ్చాడు. ఆమె వేళ్లతో తడిమి చదివింది. "ముప్పై నాలుగు కిలోల బెల్లం ముగ్గురికి సమానంగా పంచుము."

తెర మీద ఉన్నది మూడు బై నాలుగు. అచ్చులో మధ్య గీత ఎగిరిపోయింది.

"పాతదాన్లోనూ ఇలాగే వచ్చేదండి" అంది హైమ. "ముప్పై నాలుగు ముగ్గురికి సరిగ్గా రాదు కదండీ. నాకే లెక్కలు రావనుకున్నాను."

పైడిరాజు తన సిస్టమ్ లోపలి రాత తీశాడు. అంకెలను చుక్కలుగా మార్చే పట్టిక తెరిచి చూశాడు. 'తెలుగు భిన్నాలు సరిచూడలేదు, తెలిసినవారు సరిచేయగలరు' అని ఎవరో ఎనిమిదేళ్ల కిందట అందులో రాసిపెట్టారు. కంపెనీవారూ ఆ పట్టికనే తెచ్చుకుని తమదాంట్లో బిగించేశారు. భిన్నం గీతకు ఒక వరుస చేర్చి మళ్లీ ముద్రించేసరికి తొమ్మిది నలభై అయింది. హైమ కొత్త కాగితం తడిమి, "ముప్పావు కిలోయేనా!" అని ముందు నవ్వింది, తర్వాత ఏడ్చింది. అంతలో ప్రశ్నపత్రాలూ అచ్చయ్యాయి. ఆమె పరీక్షకు వెళ్లింది.

పైడిరాజు ఇక ఆగలేకపోయాడు. "చూశారా మాస్టారూ! తెరిచుంది కాబట్టే సరిచెయ్యగలిగాను. ఆ మూసినదాన్ని నమ్ముకుంటే ఈ పిల్ల గతేటి?"

మాస్టారు చెప్పులు తొడుక్కుంటూ అన్నారు. "దానికి తాళం ఉంది, చూడలేకపోయాం. మరి ఇన్నాళ్లూ దీన్ని చూడ్డానికేం అడ్డొచ్చింది నాయనా?"