ఏరు దాటిన కొలకర్ర

వినే చెవులుంటే చెప్పే నోటికి లోటా? అయితే వినండి. అనగనగా, మన తాతల తాతలకు వాళ్ళ తాతలు చెప్పిన కాలం. ఏటి ఒడ్డున ఒక విలుకాళ్ళ పల్లె. ఆ పల్లెలో అడివమ్మ అని ఒక మనిషి.

ఆమె విలుకత్తె కాదు. జిగురు కాచే మనిషి. తోలు ముక్కలు ఉడకబెట్టి జిగురు తీసేది, ఆ జిగురుతో విల్లుకు కొమ్ము పలకలు అంటించేది. మనిషి పొడుగు. చేతులు ఇంకా పొడుగు.

"మన అడివమ్మ వంగకుండానే ముగ్గేస్తుందే!" అని ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు.

"మీరు నిచ్చెనేసుకుని రండి, అప్పుడు మాట్లాడదాం" అని ఆమె కూడా నవ్వేది.

ఆ పల్లెకు ఒక కట్టుబాటు ఉండేది. నాలుగు వేళ్ళు పక్కపక్కన పెడితే బెత్తెడు. నారిని ఎనిమిది బెత్తెలే లాగాలి. బాణం ఎనిమిది బెత్తెలే ఉండాలి. పూర్వం పల్లె మూలపురుషుడు తొమ్మిదో బెత్తెడు లాగాడు. విల్లు విరిగి, ముక్క గొంతులో దిగింది. అప్పటినుంచి "ఎనిమిది బతుకు, తొమ్మిది చావు" అని అందరికీ నోటిపాఠం.

పెద్ద విలుకాడు నారప్ప దగ్గర ఒక కొలకర్ర ఉండేది. చిటికెనవేలంత లావు, బాగా పండి ఎండిన వెదురు. ఎనిమిది బెత్తెల దగ్గర గాటు, ఆపైన చేత్తో పట్టుకోవడానికి ఇంకో మూడు బెత్తెలు. గాటు దాటిన బాణం కనిపిస్తే నారప్ప అక్కడికక్కడే విరిచేసేవాడు.

అడివమ్మ పని వేరు. జిగురు పట్టిందో లేదో చూడాలి కదా. విల్లును పిడి దగ్గర దూలానికి కట్టేది. నారికి బుట్ట తగిలించేది. బుట్టలో ఒకే బరువున్న రాళ్ళు వేసేది. ఒక రాయి, ఒక చూపు. ఇంకో రాయి, ఇంకో చూపు.

ఒకరోజు అటకమీది పాత విల్లు తీసి కట్టింది. అది మూలపురుషుడి కాలం నాటి తిన్నని వెదురు విల్లు. ఎనిమిదో బెత్తెడు దాకా బెత్తెడుకో రాయి చాలింది. తొమ్మిదోదానికి మూడు రాళ్ళు అడిగింది, చిటచిటమంది. తీసేసింది.

తర్వాత కొత్త విల్లు కట్టింది. అది వంకవిల్లు. నారి కడితే ఎగిరే కొంగ రెక్కల్లా రెండు కొనలూ అవతలికి తిరిగి ఉంటాయి. ఒక రాయి, ఒక చూపు. ఎనిమిదో బెత్తెడుకు ఒక రాయి. తొమ్మిదోదానికీ ఒక రాయే. పదోదానికి రెండు రాళ్ళు. లాగేకొద్దీ ఆ వంక కొనలు మెల్లగా విచ్చుకుంటున్నాయి. అందుకే చివర్లో మొరాయించడం లేదు. పదకొండోదానికి మాత్రం మూడు రాళ్ళు అడిగింది. అడివమ్మ అక్కడ ఆపేసింది.

పరుగున నారప్ప దగ్గరికి వెళ్ళింది. "మామా, రాళ్ళు వేసి చూశాను. మన మూలపురుషుడిది తిన్నని విల్లు. మనది వంకవిల్లు. విల్లు మారింది, కొలత మారలేదు."

"రాళ్ళు నీకు చెవిలో చెప్పాయా? వెళ్ళి జిగురు కాచుకో" అన్నాడు నారప్ప.

అడివమ్మ ఇంటికొచ్చి మళ్ళీ రాళ్ళు వేసింది. ఒక రాయి, ఒక చూపు. అదే లెక్క వచ్చింది.

ఆ ఏడు రెల్లు కోతకు పదకొండు మంది ఆడవాళ్ళు ఏటి నడుమ గడ్డ మీదికి వెళ్ళారు. అడివమ్మ చెల్లెలు చంద్రి కూడా వెళ్ళింది. పైన కొండల్లో వాన పడింది. చెప్పా పెట్టకుండా ఏరు పొంగింది. పడవ కొట్టుకుపోయింది. ఈదబోయిన ఇద్దరు మగవాళ్ళను నీళ్ళు విసిరికొట్టాయి.

"అక్కా! ఇంకో మూడు బెత్తెలు పెరిగితే మునుగుతాం!" అని చంద్రి కేక పెట్టింది.

దారి ఒకటే. బాణానికి దారం కట్టి అవతలికి వెయ్యాలి. గడ్డ మీదివాళ్ళు దారంతో తాడు, తాడుతో లావు మోకు లాగుకోవాలి. నారప్ప వచ్చాడు. ఎనిమిది బెత్తెలు లాగి వదిలాడు. బాణం నీళ్ళలో పడింది.

దారం కట్టిన బాణంతో చేపలు కొట్టే పల్లె అది. అడివమ్మకు లెక్క తెలుసు. "మామా, ఆరు బెత్తెలు లాగితే బాణం నలభై ఎనిమిది అంగలు పోతుంది. ఏడుకు అరవై నాలుగు. ఎనిమిదికి ఎనభై. బెత్తెడుకు పదహారు. ఈ పాయ నూట ఐదు అంగలు. తొమ్మిదికి తొంభై ఆరే, చాలదు. పదికి నూట పన్నెండు. పది లాగాలి."

"విరుగుతుందే పిచ్చిదానా!"

"విరిగితే నా గొంతే కదా. ఇటివ్వు."

అంత పొడుగు లాగాలంటే అంత పొడుగు చెయ్యి కావాలి. పల్లెలో అది ఆమెకే ఉంది. కోసిన బాణాలన్నీ పొట్టివే కాబట్టి, కొలతకు కోయని పచ్చి రెల్లుకాడ ఒకటి తీసి ఈకలు కట్టింది. నీళ్ళు ఒక బెత్తెడు పెరిగాయి.

లాగింది. ఎనిమిది. జనం కళ్ళు మూసుకున్నారు. తొమ్మిది. నారి చెవి దాటింది. పది.

విల్లు విరగలేదు.

కానీ బాణం పాములా మెలికలు తిరిగి సగంలోనే పడింది. పొడుగు కాడ, పైగా పచ్చిది. ఆ తోపుకు వంగిపోయింది.

"అక్కా! ఇంక ఒకటే బెత్తెడు!"

అడివమ్మ తడబడలేదు. "గట్టి కాడ కావాలి. పది దాటి ఉండాలి. ఎండిన వెదురై ఉండాలి" అంటూ చుట్టూ చూసింది. అందరూ చూశారు. అందరి చూపూ ఒక్కచోటే ఆగింది. నారప్ప చేతిలో.

నారప్ప కొలకర్ర వైపు చూసుకున్నాడు. అతని తాత చేతిది, తండ్రి చేతిది. గడ్డ వైపు చూశాడు. విరగని విల్లు వైపు చూశాడు.

"ఈకలు నేను కడతా. నువ్వు దారం చూసుకో" అన్నాడు.

మొనకు ముల్లు గుచ్చారు. వెనక గాడి కోశారు. అడివమ్మ కాళ్ళు ఎడం చేసి నిలబడింది. ఎనిమిది. తొమ్మిది. పది. వదిలింది.

కొలకర్ర తిన్నగా వెళ్ళింది. ఏటి మీద, నురుగు మీద, వెనక దారం పాడుతుంటే వెళ్ళింది. చంద్రి కాళ్ళ దగ్గర దిగబడింది.

దారం వెంట తాడు వెళ్ళింది. తాడు వెంట మోకు వెళ్ళింది. మోకుతోపాటు పంపిన సొరబుర్రలు నడుముకు కట్టుకుని, మోకు పట్టుకుని పదకొండు మందీ ఇవతలికి వచ్చారు. చివరి మనిషి గట్టెక్కి వెనక్కి చూస్తే గడ్డ లేదు. నీళ్ళే ఉన్నాయి.

కొలకర్ర కూడా నీళ్ళ పాలైంది. మళ్ళీ ఎవరూ చెయ్యలేదు.

అడివమ్మ ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది, జిగురు కాస్తూనే. ఆమె పోయిన రోజున పల్లె గుడి కట్టలేదు, బొమ్మ నిలపలేదు. ఇంటికొక రాయి తెచ్చారు, అన్నీ ఒకే బరువువి. ఆమె బుట్టలో వేశారు.

ఇప్పటికీ ఆ ఏటి ఒడ్డున కొత్త విల్లు చేస్తే ముందు ఆ బుట్ట తగిలిస్తారు. ఒక రాయి, ఒక చూపు. బాణం కోసేటప్పుడు ఎనిమిది బెత్తెలు కొలిచి, మళ్ళీ నాలుగు వేళ్ళు పెట్టి "ఇది అడివమ్మది" అంటారు. ఇంకోసారి పెట్టి "ఇదీ అడివమ్మదే" అంటారు. మూడోసారి పెట్టరు. మూడు రాళ్ళు అడిగిన చోట అడివమ్మే ఆగింది.

ఎవరైనా "అది కుదరదు, పెద్దలు చెప్పారు" అంటే, ఆ పల్లె ముసలమ్మలు ఒకటే అడుగుతారు.

"రాయి వేసి చూశావా?"

కథ ఆ గట్టు చేరింది. ఈ గట్టున మనం మిగిలాం.