నక్కసారు తెల్లగుడ్డ

ముసురు పట్టి నెల దాటింది. ఎర్రగుట్ట వాలులో మట్టిగూళ్ళు కట్టుకుని కాపురముంటున్న జంతువుల్లో ఒక్కటీ కుదురుగా కూర్చోవడం లేదు. బయటికెళ్తే వాన, లోపలుంటే పొగ. గూటికో పొయ్యి, పొయ్యినిండా తడికట్టెలు. పొగ పోవడానికి గుమ్మం ఒక్కటే దారి. ఆ గుమ్మానికీ జల్లు కొడుతుందని తడిక అడ్డం పెట్టుకుంటారు.

అందరికన్నా ఎక్కువ కంగారు మేక చెంగమ్మది. కూతురు చిట్టికి దగ్గు పట్టుకుంది. పడుకుంటే దగ్గు, లేస్తే దగ్గు, పాలు తాగబోతే దగ్గు. చెంగమ్మ గూట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి గూట్లోకి తిరుగుతూనే ఉంది.

"కప్పుకి ఒక్క కన్నం పెట్టి, మీద ఏటవాలుగా ఓ పెంకు నిలబెడితే చాలు కదా కొండయ్యా! పొగ దాని దారిన అది పోతుంది" అంది పక్కగూటి పందికొక్కుతో.

"నాకు చిటికెలో పని అక్కా. ఉత్తర్వేదీ మరి?" కొండయ్య వెనక్కి తిరిగి తన మొండితోక చూపించాడు. "పోయినేడు అడక్కుండా తవ్వితేనేగా ఈ గతి పట్టింది!"

నిజమే. సింహందొర ఏలుబడిలో గుట్టమీద పిడికెడు మట్టి కదపాలన్నా ఉత్తర్వు కావాలి. పొగ గురించి మొరపెట్టుకుంటే దొర మనసు కరిగి పెద్ద ప్రణాళికే ప్రకటించాడు. ముందు పరిశోధన, తర్వాత నివేదిక, ఆ తర్వాత కన్నం. ఆ పరిశోధనకి పెద్దగా ఎవర్ని వేశాడంటారా? నక్కని. దొంగచేతికి తాళాలివ్వడం దొరలకి అలవాటే.

నక్కసారు వస్తున్నాడని రెండ్రోజుల ముందే కాకి కబురు తెచ్చేది. ఇక చూడాలి హడావిడి! పెద్దాయన వచ్చేసరికి ఇల్లు మసిగా ఉంటే పరువేం కాను? గోడలకి సున్నం కొట్టేవారు. పొయ్యి ఎత్తి బయట చింతచెట్టు కింద పెట్టి, పైన గోనెపట్టా కట్టి, తడుస్తూనైనా ఆ ఒక్కరోజుకీ అక్కడే వంట చేసేవారు. సారు వచ్చి ఒక తెల్లగుడ్డ గూట్లో వేలాడదీసి, పీట వేసుకుని, ఎండుచేపల పులుసు పీకలదాకా తిని, లేచి గుడ్డ వంక చూసేవాడు. అది పెట్టినప్పుడు ఎంత తెల్లగా ఉందో అంత తెల్లగానే ఉండేది.

"పొగ లేదే!" అని బ్రేవ్‌మని తేన్చేవాడు. "అయినా తొందరపడి తేల్చేస్తే ఎలా? మరింత పరిశోధన అవసరం. వచ్చే వారం మళ్ళీ వస్తాను. పులుసులో పులుపు కాస్త తగ్గించండి."

ఇలా మూడుసార్లు జరిగింది.

"ఓపిక పట్టు చెల్లెమ్మా. నిదానమే ప్రధానం" అన్నాడు ఎద్దు నందన్న, నెమరేస్తూ.

"నీది ఎద్దు ఊపిరి అన్నా! నా బిడ్డది గుప్పెడు ఊపిరి. ఇంకో వారం ఆగితే అది ఉంటుందో ఉండదో నాకు తెలీదు!" చెంగమ్మ ఏడ్చేసింది.

తల్లి ఏడుపు చూసి చిట్టి దగ్గుతూనే దగ్గరికొచ్చింది. "అమ్మా, సారొచ్చిన రోజు నాకు దగ్గు రాదు. ఆయన్ని మనింట్లోనే ఉంచేసుకుందామా?"

చెంగమ్మ నడక ఆగిపోయింది. సారొచ్చిన రోజు పొయ్యి బయట కదా!

"అయ్యో నా బుద్ధీ! మన మర్యాదే మన కొంప ముంచుతోంది" అని నెత్తి కొట్టుకుంది. "ఈసారి సున్నం లేదు. పొయ్యి కదిలేది లేదు. వంట గూట్లోనే!"

"సారు ముందు పరువు పోదూ?" అన్నాడు కొండయ్య.

"పరువుకి దగ్గు రాదు. నా బిడ్డకి వస్తోంది."

నందన్న నెమరు ఆపి నవ్వాడు. "పొమ్మనలేక పొగబెట్టడం విన్నాను గానీ, రమ్మని పిలిచి పొగబెట్టడం ఇప్పుడే చూస్తున్నా."

నాలుగోసారి సారు వచ్చేసరికి వాన కుండపోత. చెంగమ్మ చిట్టిని కొండయ్య పెళ్ళాం దగ్గర దింపి, ముక్కు మూసుకుని పులుసు కాస్తోంది. "వేడివేడిగా వడ్డిద్దామని పొయ్యిమీదే ఉంచాను సారూ. ఇలా దగ్గరికి రండి."

నక్క లొట్టలేసుకుంటూ గుడ్డ వేలాడదీసి పొయ్యి పక్కనే కూర్చున్నాడు. వెనకాలే నందన్న, వానకి తడుస్తున్నానంటూ వచ్చి గుమ్మంనిండా నిలబడ్డాడు. చెంగమ్మ ఇంకో రెండు తడికట్టెలు తోసింది.

"ఇంకెంతసేపు?" నక్క కళ్ళు ధారలు కట్టాయి.

"ఒక్క ఉడుకు సారూ." ఆమె కూడా దగ్గుతోంది గానీ, ఆమెకిది రోజూ ఉన్నదే.

నక్క పైనున్న గుడ్డ లాక్కుని మొహానికి అదుముకున్నాడు. "ఆ ఎద్దుని వెనక్కి వెళ్ళమను!"

"బండెద్దు సారూ. ముందుకే గానీ వెనక్కి నడక రాదు."

"అయితే కప్పు తవ్వండి! ఊపిరాడక చస్తున్నా!"

పైనుంచి కొండయ్య గొంతు వినిపించింది. "ఉత్తర్వు లేకుండా తవ్వితే మిగిలిన తోక కూడా పోతుంది సారూ."

"ఇదే ఉత్తర్వు!"

"ఈ ఒక్క గూటికేనా?"

"అన్నిటికీ! గుట్టంతా తవ్వుకో! ముందిక్కడ!"

మట్టి జలజలా రాలింది. పొగ కన్నం వెతుక్కుంటూ పైకి లేచింది. నందన్న తీరిగ్గా, వెనక్కే నడిచి దారిచ్చాడు.

బయటపడ్డ నక్కకి ఊపిరితో పాటు బుద్ధీ తిరిగొచ్చింది. "ఊపిరాడక అన్న మాట ఉత్తర్వెలా అవుతుంది? రాతలో ఉండాలి. మరింత పరిశోధన..."

నక్క లోపల పడేసొచ్చిన తెల్లగుడ్డని చెంగమ్మ తెచ్చి విప్పి పట్టింది. అదిప్పుడు తెల్లగా లేదు. మసిలో నక్క ముక్కూ మూతీ అచ్చు గుద్దినట్టు పడ్డాయి. "నివేదిక ఇదిగో సారూ. కింద మీ మొహమే సంతకం."

నక్క లాక్కోబోయేలోగా కాకి దాన్ని ఎత్తుకుపోయింది.

దొర ఆ గుడ్డ చూసి రెండోమాట లేకుండా అన్ని గూళ్ళకీ కన్నాలు పెట్టమన్నాడు. పని ముగిసేదాకా, ఇంకా కన్నం పడని గూళ్ళల్లో పొయ్యిలు ఊదే బాధ్యత నక్కదేనన్నాడు.

రెండో గూట్లో ఊదుగొట్టం పట్టుకున్న నక్క, కళ్ళు తుడుచుకుంటూ బయటికి పరిగెత్తుకొచ్చాడు. "కొండయ్యా, నీకు దణ్ణం పెడతాను, త్వరగా తవ్వవయ్యా!"

కొండయ్య పార ఆపి, మొండితోక ఊపాడు. "తొందరెందుకు సారూ? మరింత పరిశోధన అవసరమేమో!"

చెంగమ్మ వాకిట్లో కూర్చుని వింటోంది. నెల తర్వాత మొదటిసారి కూర్చుంది. లోపల చిట్టి దగ్గకుండా పాలు తాగి పడుకుంది.

నీతి: పొయ్యి ఊదినవాడికే పొగ ఘాటు తెలుస్తుంది.