రంగు లేని టాంకు

లక్ష్మణాచారి మాస్టారికి ఒక అలవాటుంది. ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. విశాఖపట్నంలో డ్రాయింగు మాస్టారుగా రిటైరై, ఇప్పుడు వెనక వరండాలో కూర్చుని జానెడేసి ప్లాస్టిక్ యుద్ధ టాంకులకు రంగులు వేస్తుంటారు. ఆదివారం పొద్దున్న మేం నలుగురం ఆయన దగ్గర నేర్చుకోవడానికి వెళతాం. అందరం నలభై దాటినవాళ్ళమే. ఈ వయసులో బొమ్మలాటలేమిటని మా ఇళ్ళల్లో అనని వాళ్ళు లేరు. అననివ్వండి. వెంట్రుకంత కుంచెతో టాంకు గొలుసులకి బురద అద్దేటప్పుడు ఒక్కసారి చెయ్యి వణికితే వారం రోజుల పని ఎలా మట్టిగొట్టుకుపోతుందో వాళ్ళకేం తెలుసు?

మాస్టారి అలమరలో ముందు వరసలోనే ఒక టాంకు ఉంది. దానికి రంగు లేదు. బోసి ప్లాస్టిక్, సందుల్లో మాత్రం కాస్త కాస్త పచ్చరంగు. దీన్నెప్పుడు పూర్తి చేస్తారని మేమంతా ఎప్పుడో ఒకప్పుడు అడిగినవాళ్ళమే.

"అది అయిపోయిన పనే" అనేసి ఊరుకునేవారు.

మాలో హైమవతి కాలేజీ లాబులో పనిచేస్తుంది. ఎనిమిది నెలలుగా ఒకే టాంకు పట్టుకుని కూర్చుంది. ఆమెను పెంచిన పెదనాన్న ముత్యాలునాయుడుగారు డెబ్భై ఒకటి యుద్ధంలో టాంకు నడిపిన మనిషి. ఆయన్ని అడిగి, ఆయన చెప్పింది చెప్పినట్టే వేసింది. కుడి మడ్‌గార్డుకి సొట్ట. ఫిరంగి గొట్టం మీద ఆరేసిన తువ్వాలు. ఆ ఏడు ఆయుధపూజకి ముందు రేకు మీద ఆయన స్వయంగా పెట్టిన కుంకుమ బొట్టు. బొట్టు సరిగ్గా ఎక్కడుండాలో ఆయనే వేలు పెట్టి చూపించారట. అది జూన్ నెల మాట. జులైలో ఆయనకి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఇక ఆ టాంకు గురించి అడిగినా చెప్పేవాళ్ళు లేరు.

ఆయన్ని ఆసుపత్రి నుంచి ఇంటికి పంపుతామన్న రోజుకి ముందు రోజు ఆదివారం వచ్చింది. హైమవతి వానలో తడుస్తూ వచ్చి, గుడ్డలో చుట్టిన టాంకుని మాస్టారి బల్ల మీద పెట్టింది. గుడ్డ తియ్యగానే మేమంతా బల్ల చుట్టూ మూగాం. టాంకు మొత్తం తెల్లగా పొగ పట్టేసి ఉంది. ఆఖరి వార్నిషు ఎండ ఉన్నప్పుడే కొట్టమని మాస్టారు వందసార్లు చెప్పి ఉంటారు. రేపటికల్లా అయిపోవాలన్న ఆత్రంలో ఈవిడ ముసురులో కొట్టింది. తేమకి వార్నిషు పాలలా విరిగిపోయింది. సొట్ట లేదు, తువ్వాలు లేదు, బొట్టు లేదు.

"కాస్త థిన్నరు ఇప్పించండి మాస్టారూ. మా ఇంట్లో అయిపోయింది. రంగు మొత్తం కడిగేస్తాను" అంది. "ఇంకేటి చెయ్యమంటారు? పాడైపోయిందని ఎప్పటికైనా ఒప్పుకోవాలి కదండీ? ఎప్పుడు ఒప్పుకోవాలి?"

మాస్టారు మామూలుగానే పని చెప్పారు. "ముందు తల తుడుచుకో. తర్వాత లోపలికెళ్ళి మా ఆవిడనడిగి కొబ్బరినూనె సీసా పట్రా" అన్నారు.

"ఇప్పుడు నా తలకేటి లెండి మాస్టారూ!"

"నీ తలకి కాదమ్మా."

సీసా వచ్చింది. మెత్తటి కుంచె కొనకి చుక్క నూనె తీసి ఆమె చేతికిచ్చారు. రుద్దొద్దు, అద్దమన్నారు. హైమవతి ముందు రేకు మీద అద్దింది. నూనె తగిలిన చోట తెలుపు కరిగింది. కరిగి, ఎర్రగా, ఆవగింజంత బొట్టు బయటికొచ్చింది. మరో చుక్కకి తువ్వాలు అంచు కనిపించింది. లోపలి రంగు లోపలే భద్రంగా ఉంది, పట్టిన పొగంతా పై వార్నిషుకే. హైమవతి నవ్వుతూ ఏడ్చింది. ఎందుకు దాచాలి, ఆ టాంకు నాది కాకపోయినా నాకూ ప్రాణం లేచొచ్చింది. గంటలో మడ్‌గార్డు సొట్టతో సహా అంతా తేలింది. అదనంగా వేసిన నూనెని మెత్తటి గుడ్డతో అద్ది, మాస్టారే దాన్ని మళ్ళీ చుట్టి ఇచ్చారు.

పై ఆదివారం హైమవతి మిఠాయి పొట్లంతో వచ్చింది. పెదనాన్న టాంకుని ఒళ్ళో పెట్టించుకుని చాలాసేపు చూశారట. ఆడే చెయ్యి ఎడమదొక్కటే. ఆ చేతి వేలు మెల్లగా తెచ్చి, తిన్నగా బొట్టు మీద పెట్టారట.

ఆ సంగతి చెబుతూ చెబుతూ ఆమె అలమర వైపు చూసింది. లేచి వెళ్ళి ఆ బోసి టాంకుని చేతిలోకి తీసుకుంది.

"మాస్టారూ, అప్పట్లో దీనికీ పొగ పట్టిందా?"

మాస్టారు కుంచె తుడుచుకుంటూ తల ఊపారు.

"ఆ రోజు మా ఇంట్లో థిన్నరు నిండుగా ఉంది" అన్నారు.