సుంకన్న దీవించిన పేర్లు

అనగనగా రెండు రాజ్యాల సరిహద్దు. ఆ సరిహద్దు మీద మూడు ఊళ్ళు. మూడింటికీ పాటలు కట్టేవాడు ఒక్కడే, సుంకన్న. రాజులు కొట్లాడుకున్నప్పుడల్లా సరిహద్దు అటూ ఇటూ జరిగేది. ఆయన పాటను మాత్రం రెండు వైపులా వినేవాళ్ళు.

తంబూర మీటుతూ, యుద్ధంలో చచ్చిన వీరుల కథలు పాడేవాడు. కథయ్యాక, గింజలు పెట్టిన ఇళ్ళను పేరుపేరునా దీవించేవాడు. "ఎర్రప్ప ఇల్లు చల్లగుండ! ఓబులేసు గాదె నిండ!" చేటతో తెచ్చి పోసేది ఆడవాళ్ళు. దీవెన మగవాళ్ళకు.

ఒకసారి గుట్ట దారిలో ఆయన జ్వరమొచ్చి పడిపోయాడు. అప్పుడు తిప్పేసు అనే ఆయన పెళ్ళాం చూసి, ఇంటికి తీసుకుపోయి, మూడు రోజులు రాగిజావ పోసి బతికించింది.

ఆ తర్వాత సుంకన్న లేచి, ఆ వాకిట్లోనే కథ చెప్పాడు. చివర్న, "ప్రాణం నిలిపిన తిప్పేసు నూరేళ్ళుండ!" అన్నాడు.

పిండి విసురుతున్న ఆమె చెయ్యి ఆగింది.

"ఏం సామీ, నీకు జావ పోసింది తిప్పేసా? ఆ మనిషి సంత నుంచి ఇంకా రానే లేదు!"

సుంకన్న నాలుక్కరుచుకున్నాడు. "తప్పైంది తల్లీ. నీ పేరేంది?"

ఆమె కాసేపు ఆలోచించింది. "రంగక్క... ఆఁ, రంగక్కే. మా అమ్మ పోయాక ఎవరూ పిలవలే."

పేరు మరిచిపోతారా అంటావా చిన్నీ? ఇరవయ్యేళ్ళు 'ఒసేయ్' అని పిలిస్తే ఏ పేరైనా మరుగున పడుతుంది.

అప్పటి నుంచి సుంకన్న అన్నం పెట్టినామె పేరు అడిగి దీవించాడు. మొదటి ఊళ్ళో మగవాళ్ళు నవ్వారు. రెండో ఊళ్ళో కసిరారు. మూడో ఊళ్ళో ఊరిపెద్ద మీసం మీద చెయ్యేశాడు.

"మా ఆడోళ్ళ పేర్లు నడివీధిలో పాడతావా? పాత దీవెనే పాడు. లేకుంటే ఈ మూడూళ్ళలో నీకు పిడికెడు గింజలు పుట్టవు."

సుంకన్నకు పాట తప్ప వేరే బతుకు లేదు. తలెత్తి చూశాడు. మిద్దెల మీద ఆడవాళ్ళు కొర్రలు ఎండబోస్తున్నారు.

"పేర్లు చెప్పండమ్మా, పాడతా," అన్నాడు.

అప్పుడు ఊరిపెద్ద మిద్దె మీది నుంచే ఒక ముసలి గొంతు లేచింది. "నా పేరు సిద్ధమ్మ. పాడు నాయనా. వీణ్ణి కన్నది నేనే, వీడికీ తెలీదు నా పేరు!"

ఊరిపెద్ద చెయ్యి మీసం మీది నుంచి జారింది. కన్నతల్లిని ఏమంటాడు?

ఆ తర్వాత పక్క మిద్దె నుంచి, "గంగులమ్మ!" ఆ తర్వాత, "నల్లక్క!" ఇక వీధి వీధంతా పేర్లే. గొంతు బొంగురుపోయేదాకా సుంకన్న పాడాడు.

ఆయన పోయాడు. రాజులూ పోయారు. ఆ వీరుల పేర్లు నాకూ సరిగ్గా గుర్తులేవు. కానీ ఆ మూడూళ్ళలో ఇప్పటికీ, ఆడపిల్లకు పేరు పెట్టిన రోజు ఇంటి పెద్దామె మిద్దెక్కి, ఆ పేరు ఊరంతా వినేలా మూడుసార్లు పిలుస్తుంది.

మన ఊరూ ఆ మూడింట్లో ఒకటే. నీకోసం నేనే ఎక్కాను, ఈ మోకాళ్ళతో. మూడోసారి పిలిచేసరికి నువ్వు ఏడుపు లంకించుకున్నావు.

పాట కట్టిన తాతకో దండం,
పేరు చెప్పిన అవ్వకో దండం.
కథ పోయె కంచికి,
మనం పోదాం మంచానికి.