దొరగారు చూసిన నాటకం

వెనకటికి జగ్గరాజని ఒక దొర ఉండేవాడు. నాటకం తనే రాసి, రాజు వేషమూ తనే కట్టేవాడు. దివిటీల వెలుగులో కిరీటం సరిగా మెరవదని పట్టపగలే ఆడేవాడు. ఊరంతటినీ కోటలో కూర్చోబెట్టి తలుపులు మూయించేవాడు. అయ్యాక ఎలా ఉందని అడిగేవాడు. బాగాలేదన్నవాళ్లకు ఊరి నుంచి వెలి. బాగుందంటే, "అయితే రేపూ చూడండి" అనేవాడు. పొలాల్లో పండిన వరి కోసే దిక్కులేక రాలిపోతోంది.

ఒకరోజు కోతల కూలి నూకాలును అడిగాడు.

"ఎంత బాగుందో దొరా! పాపం, ఊళ్లో తమరొక్కరే చూడలేదు. రేపు వేషం మీ బావమరిదికిచ్చి మాతోపాటు కూర్చోండి."

దొర మురిసిపోయాడు.

మర్నాడు బావమరిది తెర వెనక నిలబడి రాజుగారి గొప్పలు పాడటం మొదలెట్టాడు. తెర ఇంకా తీయనే లేదు, దొర ఆవలించాడు. కాసేపటికి లేచి, "తలుపులు తీయండిరా, నడుం పట్టేసింది!" అని అరిచాడు.

తలుపులు తెరవగానే జనం పొలాలకు కదిలారు.

"ఆగండి! ఎలా ఉందో చెప్పరేం?"

"తమరే చెప్పండి దొరా," అంది నూకాలు. "బాగుంటే రండి, మిగతాది కూర్చుని చూద్దాం. బాగాలేదంటే పొలిమేర దాకా మేమే సాగనంపుతాం."



"ముందు కోతలు కానివ్వండర్రా," అన్నాడు దొర.